ఘాట్ రోడ్డు ప్రయాణం

కొండల మీదుగా, కొండ వాలు వెంబడి మలుపులు తిరుగుతూ సాగే రహదారిని ఘాట్ రోడ్డు అంటారు. ఇటువంటి దారిలో ప్రకృతి దృశ్యాలను చూస్తూ సొంత వాహనంలో గాని, బస్సులో గాని చేసే ప్రయాణానికి మైదానపు ప్రయాణం కంటే భిన్నమైన ప్రణాళిక అవసరమవుతుంది. మైదానంలో దూరాన్ని బట్టి ప్రయాణాన్ని లెక్కిస్తారు. కొండదారిలో ఎత్తు, వాలు, మలుపులు, వెలుతురు, బరువు అనే ఐదింటిని బట్టి లెక్కించాలి. వీటిలో ఎక్కువమంది తక్కువగా ఆలోచించేది దిగుడు గురించి. ఎక్కేటప్పుడు వాహనానికి శక్తి చాలకపోతే అది ఆగిపోతుంది. దిగేటప్పుడు నిగ్రహం చాలకపోతే ఆగదు. అందువలన ఘాట్ రోడ్డు ప్రయాణ ప్రణాళిక అంటే ప్రధానంగా క్షేమంగా దిగి రావడానికి వేసుకునే ప్రణాళిక అని చెప్పవచ్చు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారికి అతి సమీపంలో ఉన్న ఘాట్ రోడ్డు కొండగట్టు. ఈ వ్యాసంలో కొండగట్టు మొదలుకొని నిర్మల్ సమీపంలోని మహబూబ్ ఘాట్, తిరుమల, శ్రీశైలం, హిమాలయ కనుమల వరకు ఉదాహరణలతో ఈ ప్రణాళికను వివరించడమైనది.

పద వివరణ

రెండు కొండల నడుమ దాటడానికి వీలుగా ఉండే పల్లపు భాగానికి తెలుగులో కనుమ అని పేరు. తూర్పు కనుమలు, పశ్చిమ కనుమలు అనే పర్వత శ్రేణుల పేర్లలో ఉన్నది ఈ మాటే. సంస్కృతంలోని ఘట్టము అనే పదం నుండి వచ్చిన ఘాట్ అనే మాటకు ఉత్తరాదిన నదిలోనికి దిగే మెట్లు లేదా రేవు అనే అర్థం ప్రసిద్ధం. దక్కనులో ఇదే మాట కొండదారికి కూడా వాడుకలోకి వచ్చినది. తెలంగాణలో చిన్న కొండను గుట్ట అనీ, గట్టు అనీ పిలవడం వాడుక. కొండగట్టు అనే పేరులో కొండ, గట్టు రెండు మాటలూ ఉన్నాయి. హిమాలయాలలో, ముఖ్యంగా లడఖ్ ప్రాంతంలో, కనుమను లా అంటారు. ఖర్దుంగ్ లా, ఫోటు లా వంటి పేర్లు ఇలా ఏర్పడినవే.

నిర్మాణ సూత్రాలు

కొండ మీదికి నేరుగా దారి వేస్తే వాలు మరీ నిటారుగా ఉంటుంది. అందువలన ఇంజనీర్లు దారిని కొండ వాలుకు అడ్డంగా తీసుకొనిపోయి, కొంతదూరం తరువాత వెనుకకు తిప్పి, మెలికలు మెలికలుగా పైకి చేరుస్తారు. దారి పూర్తిగా వెనుకకు తిరిగే చోటును హెయిర్‌పిన్ వంపు అంటారు. స్త్రీలు జడలో పెట్టుకొనే పిన్ను ఆకారంలో ఉండడం వలన దీనికి ఆ పేరు వచ్చినది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం పర్వత ప్రాంతపు దారికి సాధారణంగా అనుమతించే వాలు 20 కి 1. అనగా 20 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎత్తు పెరుగుతుంది. తప్పనిసరి అయిన చోట్ల ఇంతకంటే ఎక్కువ వాలును అనుమతిస్తారు. హెయిర్‌పిన్ వంపును గంటకు 20 కి.మీ. వేగానికి, లోపలి అంచు వద్ద కనీసం 14 మీటర్ల వ్యాసార్ధంతో రూపొందిస్తారు. వంపు వద్ద 40 కి.మీ. వేగంతో తిరిగే వాహనం ఆ దారి ఏ లెక్క మీద నిర్మించబడినదో ఆ లెక్కకు రెట్టింపు వేగంలో ఉన్నట్లు. వేగం రెట్టింపు అయితే ఆగడానికి పట్టే దూరం రెండు రెట్లు కాదు, సుమారు నాలుగు రెట్లవుతుంది. వంపులో వాహనాన్ని బయటి వైపుకు నెట్టే ప్రభావం కూడా అదే విధంగా నాలుగు రెట్లవుతుంది.

పాత ఘాట్ రోడ్లు అనేకం ఈ ప్రమాణాలు ఏర్పడక ముందు వేసినవి, లేదా చిన్న బండిబాటలను వెడల్పు చేసి తారు వేసినవి. అటువంటి వాటిలో వంపులు ఇంకా ఇరుకుగా, వాలు ఇంకా ఎక్కువగా ఉండవచ్చును.

దిగుడులో ఏమి జరుగుతుంది

కొండ మీద ఉన్న వాహనంలో, అది ఎక్కిన ఎత్తుకు తగిన స్థితిజ శక్తి నిలువ ఉంటుంది. దిగేటప్పుడు ఈ శక్తి ఎక్కడికో పోవాలి. వేగంగా మారకుండా ఉండాలంటే అది వేడిగా మారాలి. మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుండి దిగినదనుకుందాం. భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే సుమారు 44 లక్షల జౌళ్ళ శక్తి వస్తుంది. ఇది 30 డిగ్రీల వద్ద ఉన్న 15 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి సరిపోయే వేడి. పాదం బ్రేకు మీదనే పెట్టి దిగితే ఈ వేడిలో అధికభాగాన్ని చక్రాల వద్ద ఉన్న కొద్దిపాటి లోహమే మోయవలసి వస్తుంది.

బ్రేకులు అతిగా వేడెక్కితే రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, బ్రేకు లైనింగుకు పట్టు తగ్గుతుంది. ఎంత గట్టిగా తొక్కినా వాహనం నెమ్మదించదు. రెండవది, ద్రవంతో పనిచేసే బ్రేకులలో బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. బుడగలు నలిగిపోతాయే కాని ఒత్తిడిని చక్రానికి చేరవేయవు. అప్పుడు పెడలు మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకు ఆయిలు కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. రెండు మూడు సంవత్సరాలుగా ఆయిలు మార్చని కారు మైదానంలో ఏ లోపమూ చూపకుండా, మొదటి పెద్ద ఘాట్‌లో లోపం చూపడానికి ఇదే కారణం.

దీనికి విరుగుడు ఇంజను బ్రేకింగు. తక్కువ గేరులో దిగినప్పుడు చక్రాలు ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఆ శ్రమలో వాహనం వేగం తగ్గుతుంది, వేడి ఇంజను ద్వారా, రేడియేటరు ద్వారా బయటకు పోతుంది. ఏ గేరులో ఎక్కినారో అదే గేరులో దిగవలెనని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెప్పే మాటకు శాస్త్రీయ ఆధారం ఇదే. దిగుడు మొదలైన తరువాత గేరు తగ్గించడం కష్టం కావచ్చు గనుక కొండ కొమ్ము మీదనే, వాలు ప్రారంభం కాకముందే గేరు మార్చుకోవాలి. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం అత్యంత ప్రమాదకరం. నేటి ఇంజన్లలో చాలా వరకు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధన సరఫరా దానంతట అదే నిలిచిపోతుంది గనుక ఆదా అనే వాదన కూడా నిలవదు.

బరువు పెరిగితే ఈ లెక్క అంతా మారుతుంది. 50 మంది ప్రయాణికులతో కలిపి 13 టన్నులు తూగే బస్సులోకి మరో 50 మంది ఎక్కితే, మనిషికి 60 కిలోల చొప్పున 3 టన్నులు పెరుగుతాయి. బ్రేకులు మోయవలసిన వేడి దాదాపు నాలుగవ వంతు పెరుగుతుంది. అంతేకాక నిలబడిన ప్రయాణికుల వలన బస్సు గురుత్వకేంద్రం పైకి జరుగుతుంది. మలుపులో అందరూ ఒకే వైపుకు ఒరిగినప్పుడు బస్సు పల్టీ కొట్టే అవకాశం హెచ్చుతుంది.

కొండగట్టు ఘాట్ రోడ్డు, 2018 ప్రమాదం

కొండగట్టు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో, జగిత్యాల నుండి సుమారు 15 కి.మీ., కరీంనగర్ నుండి సుమారు 35 కి.మీ. దూరంలో ఉన్నది. కొండ మీద ఆంజనేయస్వామి ఆలయం కలదు. వేములవాడ రాజరాజేశ్వరస్వామిని, కొండగట్టు అంజన్నను, ధర్మపురి లక్ష్మీనరసింహస్వామిని ఒకే యాత్రలో దర్శించుకోవడం ఈ ప్రాంతపు భక్తులకు అలవాటు. మంగళ, శనివారాలలోను, హనుమజ్జయంతి సమయంలోను రద్దీ అధికం. కరీంనగర్ - జగిత్యాల ప్రధాన రహదారి నుండి కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉన్నది. పొడవులో గాని, ఎత్తులో గాని ఇది పెద్ద ఘాట్ కాదు. కొద్ది నిమిషాలలో ముగిసిపోయే దారి.

2018 సెప్టెంబరు 11, మంగళవారం నాడు కొడిమ్యాల మండలంలోని శనివారంపేట నుండి జగిత్యాలకు వెళ్తున్న రోడ్డు రవాణా సంస్థ బస్సు ఈ ఘాట్ రోడ్డు దిగుతూ అదుపు తప్పి లోయలో పడినది. బస్సులో సామర్థ్యానికి మించి, వందమందికి పైగా ప్రయాణికులు ఉన్నారు. అరవై మందికి పైగా మరణించారు. మృతులలో మహిళలు అధికం. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్ వంటి చుట్టుపక్కల గ్రామాలలో ఒక్కొక్క ఊరు ఒకేరోజు పలువురిని కోల్పోయినది. దేశంలో జరిగిన అతి పెద్ద బస్సు ప్రమాదాలలో ఇది ఒకటి.

ప్రమాదం జరిగినది కొండ పైభాగంలో కాదు. ఘాట్ దాదాపు ముగిసి, మరి కొద్దిసేపటిలో బస్సు ప్రధాన రహదారిని చేరవలసిన దశలో జరిగినది. మరణించినవారిలో అనేకులు విహారయాత్రికులు కారు. రోజువారీ పనుల మీద జగిత్యాలకు పోయేవారు, ఆ దారి బాగా తెలిసినవారు. ఘాట్ ప్రయాణం గురించి ఆలోచించేవారు ఈ సంఘటన నుండి గ్రహించవలసిన విషయాలు మూడు. దారి చిన్నదైనంత మాత్రాన దిగుడు ప్రమాదం చిన్నది కాదు. దిగుడు ముగింపుకు వచ్చేసరికి బ్రేకులు అన్నిటికంటే వేడిగా ఉంటాయి గనుక చివరి మలుపును మొదటి మలుపు కంటే జాగ్రత్తగా తిరగాలి. నిండిన బస్సు ఘాట్ దిగబోతున్నప్పుడు ఎక్కకుండా తరువాతి బస్సు కోసం వేచి ఉండడం ప్రయాణికుని చేతిలో ఉన్న రక్షణ. అయితే తరువాతి బస్సు అనేది ఉన్నప్పుడే ఆ రక్షణ పనిచేస్తుంది. ఉన్న ఒక్క బస్సు తప్పితే పని తప్పే ఊళ్ళకు సరిపడినన్ని బస్సులు నడపడం కూడా ఘాట్ భద్రతలో భాగమే.

ప్రణాళిక వేసుకునే విధానం

కాలం: మైదానపు రహదారిలో గంటకు 50 - 60 కి.మీ. లెక్క వేసుకునేవారు ఘాట్ భాగానికి గంటకు 20 - 25 కి.మీ. మాత్రమే లెక్కించాలి. దృశ్యాల కోసం ఆగే సమయాన్ని విడిగా కలుపుకోవాలి. ఆలస్యమైనదన్న తొందర దిగుడులో వేగంగా మారుతుంది. కనుక ప్రణాళికలో గంటసేపు ఖాళీ ఉంచుకోవడం కూడా భద్రతా చర్యే.

వెలుతురు: ఘాట్‌ను దిగే సమయం సూర్యాస్తమయానికి కనీసం గంట ముందు ఉండేలా చూసుకోవాలి. డిసెంబరులో తెలంగాణలో సాయంత్రం ఆరు గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. కొండ నీడ వలన లోయ వైపు ఇంకా ముందే చీకటి పడుతుంది. ముందుగా దిగే సమయాన్ని నిర్ణయించుకొని, దాని నుండి వెనుకకు లెక్కించి బయలుదేరే సమయాన్ని నిర్ణయించుకోవడం సరైన పద్ధతి.

ఋతువు: జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల కాలంలో కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. అయితే రాళ్ళు జారిపడడం, వాగులు పొంగడం, పొగమంచు కూడా ఈ కాలంలోనే. భారీ వర్షం పడిన రోజునే కాక మరుసటి రోజు కూడా కొండచరియల ప్రమాదం ఉంటుంది. వర్షాలు తగ్గి పచ్చదనం ఇంకా మిగిలి ఉండే సెప్టెంబరు చివర నుండి నవంబరు వరకు అనుకూలమైన కాలం. మే నెలలో జగిత్యాల ప్రాంతంలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ వేడిలో ఘాట్ ఎక్కితే ఇంజను, టైర్లు రెండూ శ్రమపడతాయి.

వాహనం: బయలుదేరడానికి వారం ముందుగానే బ్రేకు లైనింగు, బ్రేకు ఆయిలు, హ్యాండ్ బ్రేకు, కూలెంటు, టైర్ల అరుగుదల, స్టెప్నీలో గాలి, హారను, వైపర్లు, ముందు వెనుక లైట్లు పరీక్ష చేయించాలి. బయలుదేరే నాటి ఉదయం చేయించిన మరమ్మత్తును కొండ మీద పరీక్షించుకోవడం మంచిది కాదు. చక్రం కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు, టార్చిలైటు, తాడు, నీళ్ళు ఉంచుకోవాలి.

మనుషులు: డ్రైవరు ముందురోజు రాత్రి నిద్రపోయి ఉండాలి. ఒకే డ్రైవరు ఉంటే ఘాట్ భాగాన్ని రోజు చివర కాక మొదట ఉంచాలి. దృశ్యాలను చూడడం ప్రయాణికుల వంతు, దారిని చూడడం డ్రైవరు వంతు. డ్రైవరు కూడా చూడదలచుకుంటే వెడల్పైన చోట, వంపుకు దూరంగా వాహనాన్ని ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి దిగి చూడాలి.

సమీప మార్గం: సిరిసిల్ల నుండి మహబూబ్ ఘాట్

సిరిసిల్ల నుండి బయలుదేరేవారు వేములవాడ, కొండగట్టు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఖానాపూర్, నిర్మల్ మీదుగా సాత్మల కొండలను చేరవచ్చు.  జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పట్టణాల గుండా 63వ నంబరు జాతీయ రహదారి పోతుంది. మెట్‌పల్లి దాటిన తరువాత గోదావరిని దాటి ఖానాపూర్ వైపు వెళ్ళాలి. నది దాటే వరకు వరి, పసుపు, మొక్కజొన్న పొలాల మైదానం. దాటిన తరువాత క్రమంగా అడవి, కొండలు మొదలవుతాయి. జగిత్యాల నుండి నిర్మల్ సుమారు నూరు కిలోమీటర్లు ఉంటుంది.

నిర్మల్ కొయ్యబొమ్మలకు ప్రసిద్ధి. పునికి చెక్కతో చేసే ఈ బొమ్మల కోసం కొంత సమయం కేటాయించుకోవచ్చు. నిర్మల్ నుండి ఆదిలాబాద్ వైపు పాత రహదారిలో మహబూబ్ ఘాట్ ఉన్నది. వేగంగా పోవలసిన వాహనాలకు నాలుగు వరుసల 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నది కనుక, కొండ అందాన్ని చూడదలచినవారు పాత దారిని ఎంచుకుంటారు. వర్షాకాలంలో ఈ ఘాట్ మీద నుండి కనిపించే అడవి, మబ్బులు ఎంతో ఆహ్లాదకరంగా ఉంటాయి. అక్కడి నుండి ముందుకు పోతే నేరడిగొండ సమీపంలో కడెం నది మీద 45 మీటర్ల ఎత్తు నుండి దూకే కుంటాల జలపాతం, బోథ్ సమీపంలో పొచ్చెర జలపాతం ఉన్నాయి.

ఒక్కరోజు ప్రయాణానికి ఉదాహరణ: కోరుట్లలో ఉదయం 6 గంటలకు బయలుదేరితే ఖానాపూర్ మీదుగా 8:30 ప్రాంతంలో నిర్మల్ చేరవచ్చు. ఫలహారం తరువాత మహబూబ్ ఘాట్ మీదుగా 11 గంటల లోపు కుంటాల చేరవచ్చు. మధ్యాహ్నం 2 గంటలకు తిరుగుప్రయాణం మొదలుపెడితే ఘాట్‌ను పూర్తి వెలుతురులో దిగి, చీకటి పడే వేళకు మైదానంలో ఉండవచ్చు. సిరిసిల్ల నుండి వచ్చేవారికి ఇదే మార్గం రోజులో ఇమడదు. వారు నిర్మల్‌లో గాని, ఆదిలాబాద్‌లో గాని రాత్రి బస చేయడం మేలు.

మరొక మార్గం ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన వద్ద గోదావరిని దాటి, జన్నారం, ఉట్నూరు మీదుగా పోయేది. ఈ దారి కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. ఉట్నూరు నుండి ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ ఉన్నది. 1940లో కొమురం భీం అసువులు బాసిన జోడేఘాట్ ఈ కొండలలోనే కలదు. అడవిదారులలో వన్యప్రాణులు రోడ్డు దాటుతుంటాయి. కనుక రాత్రి ప్రయాణం మానుకోవాలి.

తెలుగునాట ఇతర ఘాట్ రోడ్లు

తిరుమల: మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ప్రారంభమైనవి. ప్రస్తుతం ఎక్కడానికి రెండవ దానిని, దిగడానికి మొదటి దానిని వాడుతున్నారు. ఎదురు వాహనాలు లేకపోవడం ఈ ఏర్పాటు వలన కలిగే పెద్ద మేలు. వాహనం ప్రవేశించిన సమయాన్ని నమోదు చేసి, ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. అంతకంటే ముందుగా చేరితే వేగంగా నడిపినట్లే. ఎక్కడానికి కంటే దిగడానికి ఎక్కువ సమయం కేటాయించడం ఇక్కడ గమనించదగినది. సొంతంగా ప్రణాళిక వేసుకునేవారు ఏ ఘాట్‌కైనా ఈ సూత్రాన్ని అన్వయించుకోవచ్చు.

శ్రీశైలం: హైదరాబాదు వైపు నుండి పోయే దారి నల్లమల అడవిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు అటవీ తనిఖీ కేంద్రాల వద్ద వాహనాలను అనుమతించరు. ఈ నియమం తెలియక సాయంత్రం బయలుదేరినవారు గేటు వద్ద ఆగిపోవడం గాని, గేటు మూసేలోగా చేరాలని వేగం పెంచడం గాని జరుగుతుంటుంది.

అరకు: విశాఖపట్నం నుండి అనంతగిరి మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు చేరే దారి కాఫీతోటలకు, పొగమంచుకు ప్రసిద్ధి. శీతాకాలపు ఉదయాలలో మంచు విడిచే వరకు ఆగడం, పసుపు లైట్లను వాడడం అవసరం.

హిమాలయ కనుమలు

తెలుగువారు మోటారు సైకిళ్ళ మీద, కార్లలో లడఖ్ యాత్ర చేయడం ఇటీవలి దశాబ్దాలలో పెరిగినది. మనాలీ - లేహ్ దారిలో రోహతాంగ్ (3,978 మీ.), బారాలాచా లా (సుమారు 4,890 మీ.), లాచుంగ్ లా (సుమారు 5,060 మీ.), తంగ్‌లంగ్ లా (సుమారు 5,330 మీ.) కనుమలు ఉన్నాయి. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కి.మీ. పొడవైన అటల్ సొరంగం వలన రోహతాంగ్ ఎక్కకుండానే లాహౌల్ చేరే వీలు కలిగినది. లేహ్‌కు ఉత్తరాన ఉన్న ఖర్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. సరిహద్దు రహదారుల సంస్థ 5,798 మీటర్ల ఎత్తున ఉమ్లింగ్ లా మీదుగా నిర్మించిన రహదారికి 2021లో గిన్నిస్ గుర్తింపు లభించినది. ఈ దారులు ఎక్కువభాగం మంచు వలన శీతాకాలంలో మూసివేయబడతాయి. మనాలీ - లేహ్ దారికి అనుకూలమైన కాలం సాధారణంగా జూన్ నుండి సెప్టెంబరు వరకు.

ఇక్కడ వాహనం కంటే ముందు మనిషి శరీరాన్ని గురించి ఆలోచించాలి. 5,300 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో సుమారు సగమే. ఊపిరికి అందే ఆక్సిజను కూడా సగమే. తక్కువ ఎత్తున నివసించే జగిత్యాల, సిరిసిల్ల వాసులు రెండు రోజులలో అక్కడికి చేరితే తలనొప్పి, వికారం, నిద్రలేమి కలగవచ్చు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులలో గాని, మెదడులో గాని నీరు చేరి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకు ఒకరోజు విశ్రాంతి తీసుకోవడం వైద్యులు సూచించే సూత్రం. లక్షణాలు ముదిరితే ఆలస్యం చేయకుండా కిందికి దిగడమే ప్రధాన చికిత్స. కనుక ప్రతి మజిలీ వద్ద దిగే దారి ఎటు, ఎంత సమయం పడుతుంది అనేది ముందే తెలుసుకొని ఉండాలి.

ఈ దృష్ట్యా శ్రీనగర్ మీదుగా జోజి లా (3,528 మీ.), కార్గిల్, ఫోటు లా (4,108 మీ.) దాటి లేహ్ చేరడం, తిరుగుప్రయాణంలో మనాలీ దారిని ఎంచుకోవడం శరీరానికి అనుకూలం. శ్రీనగర్ దారిలో ఎత్తు క్రమంగా పెరుగుతుంది, రాత్రి బసకు కార్గిల్ వంటి తక్కువ ఎత్తు పట్టణాలు దొరుకుతాయి.

ఇంజనుకు కూడా గాలి చాలదు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదోవంతు శక్తిని కోల్పోతుంది. ఇంజను బలహీనంగా ఉన్నదని ఎక్కుడులో తెలుస్తుంది కాని, దిగుడులో వాహనం బరువు ఏమాత్రం తగ్గదు. మనాలీ దారిలో తండి వద్ద తరువాతి పెట్రోలు బంకు 365 కి.మీ. దూరంలో ఉన్నదని తెలిపే బోర్డు యాత్రికులలో ప్రసిద్ధం. అక్కడ ట్యాంకు నింపుకొని పోవడం అందరూ పాటించే పద్ధతి. అనుమతి పత్రాల నియమాలు తరచు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు స్థానిక జిల్లా యంత్రాంగం ప్రకటనలను చూడాలి.

గల్ఫ్ దేశాలలో పనిచేసిన డ్రైవర్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస పోయినవారు అనేకులు. వారిలో డ్రైవర్లుగా పనిచేసినవారు కూడా ఎక్కువే. సౌదీ అరేబియాలో మక్కా నుండి తాయిఫ్ పట్టణానికి ఎక్కే అల్ హదా దారి, సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో అల్ ఐన్ సమీపంలోని జబల్ హఫీత్ దారి ఆ దేశాలలో పేరుపొందిన కొండదారులు. ఆ దేశాలలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా నడిపి స్వదేశానికి వచ్చినవారికి మైదానంలో ఈ తేడా త్వరగా సర్దుకుంటుంది. ఇరుకు మలుపులో ఎదురు వాహనం హఠాత్తుగా కనిపించినప్పుడు మాత్రం చేయి పాత అలవాటు ప్రకారం కుడివైపుకు తిరిగే అవకాశం ఉన్నది. సెలవు మీద వచ్చిన కొత్తలోనే కుటుంబంతో ఘాట్ ప్రయాణం పెట్టుకోకుండా, కొద్దిరోజులు మామూలు దారుల్లో నడిపిన తరువాత పోవడం మంచిది.

దారి మర్యాదలు

* ఇరుకైన చోట ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలి. ఇది మన దేశపు రహదారి నిబంధన. ఆగిన వాహనం ఎక్కుడులో మరల కదలడం కష్టం అనేది దీనికి కారణం.
* కనిపించని మలుపుకు ముందు హారను మోగించాలి. రాత్రి వేళ అయితే లైట్లను ఒకసారి తగ్గించి పెంచాలి.
* మలుపులో ఓవర్‌టేక్ చేయరాదు, వాహనాన్ని నిలపరాదు.
* పెద్ద బస్సు లేదా లారీ వంపు తిరుగుతున్నప్పుడు దానికి దారి మొత్తం అవసరమవుతుంది. దూరంగా ఆగి అది తిరిగిన తరువాత పోవాలి.
* మాడిన వాసన వస్తే వెంటనే సురక్షితమైన చోట ఆపి బ్రేకులు చల్లారే వరకు వేచి ఉండాలి. వేడి చక్రాల మీద నీళ్ళు పోయరాదు. లోహం పగిలే ప్రమాదం ఉన్నది.
* బ్రేకులు విఫలమైతే ఒక్కొక్క గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, లోయ వైపు కాక కొండ వైపుకు వాహనాన్ని ఆనించి ఆపడానికి ప్రయత్నించాలి.
* కోతులకు, ఇతర జంతువులకు ఆహారం వేయరాదు. దీనివలన అవి రోడ్డు మీదికి చేరి ప్రమాదాలకు కారణమవుతాయి.
* అత్యవసర సమయంలో 108 అంబులెన్సు సేవను, 112 నంబరును సంప్రదించవచ్చు. కొండలలో ఫోను సంకేతాలు అందని చోట్లు ఉంటాయి గనుక బయలుదేరే ముందే మార్గాన్ని, చేరవలసిన సమయాన్ని ఇంట్లోవారికి తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* కొండగట్టు
* మహబూబ్ ఘాట్
* కుంటాల జలపాతం
* తిరుమల ఘాట్ రోడ్లు
* తూర్పు కనుమలు
* లడఖ్